డిస్కులో లేని ఫైలును వీఎస్ కోడ్‌లో తెరవడం ఎలా?

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు వైపు రొయ్యల చెరువులకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఈ పని తగులుతూనే ఉంటుంది. ప్రతి చెరువుకూ కొన్ని సెట్టింగులుంటాయి. నీళ్లలో డీఓ (కరిగిన ఆక్సిజన్) ఎంతకు పడితే ఫోను మోగాలి, మేత ఏ పట్టిక ప్రకారం వేయాలి, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలు ఎన్ని, ఇలాంటివి. అవన్నీ సర్వర్లో, డేటాబేసులో ఉంటాయి. వాటిని దిద్దాలంటే చాలామంది చేసే పని ఒకటే: దింపుకోవడం, ఎడిటర్‌లో దిద్దడం, మళ్లీ ఎక్కించడం.

ఈ పద్ధతి మానుకోమని గట్టిగా చెబుతాను. దింపుకున్న కాపీ ఆ క్షణం నుంచే పాతబడటం మొదలవుతుంది. సాయంత్రం మబ్బు పట్టిందని చెరువు గట్టు మీదున్న టెక్నీషియన్ ఫోనులోంచి డీఓ హద్దును 4 నుంచి 5కు పెంచాడనుకోండి. మీరు మధ్యాహ్నం దింపుకున్న కాపీలో వేరే ఏదో వరుస దిద్ది రాత్రికి ఎక్కించారు. హద్దు మళ్లీ 4 అయిపోయింది, ఎవరికీ తెలియలేదు. చెరువులోని నాచు రాత్రంతా ఆక్సిజన్ పీలుస్తుంది, అందుకే డీఓ అట్టడుగుకు చేరేది తెల్లవారుజామునే. ఆ వేళకు ఫోను మోగకపోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆలస్యంగా తిరుగుతాయి. అప్పుడు పోయేది రైతు పంట.

వీఎస్ కోడ్‌కు ఫైలు డిస్కులోనే ఉండాలన్న పట్టింపు లేదు. ఫైలు ఉందా, ఎంత పెద్దది, ఎప్పుడు మారింది, లోపల ఏముంది అని అడుగుతుంది. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే చిన్న ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కు కొత్త పని నేర్పే చేర్పు) రాస్తే చాలు, డేటాబేసులోని వరుస కూడా మామూలు ఫైలులా ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, కంట్రోల్ ఎస్ కొడితే నేరుగా సర్వర్లో సేవ్ అవుతుంది. జవాబులు మాత్రం నిజమై ఉండాలి. ఎడిటర్‌కు చిన్న అబద్ధం చెప్పినా దాని ఫలితం మీకు కనిపించని చోట తేలుతుంది.

కోడ్‌లో వచ్చే పేర్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. అసలు రూపాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. టైప్‌స్క్రిప్ట్‌లో ఒక క్లాసు మొదలుపెట్టి, అది ఫైల్‌సిస్టమ్‌ప్రొవైడర్‌ను (పై ప్రశ్నలకు జవాబిచ్చే ఫంక్షన్ల జాబితా ఇదే) ఇంప్లిమెంట్ చేస్తుందని రాయండి. పేరు కింద ఎర్ర గీత పడుతుంది. క్విక్ ఫిక్స్ నొక్కితే కావలసిన ఫంక్షన్లన్నీ ఖాళీగా దిగిపోతాయి.

ముందు ఇది తేల్చుకోండి: చూడటానికా, దిద్దడానికా?

చూపిస్తే చాలనుకుంటే ఇంత శ్రమ అక్కర్లేదు. టెక్స్ట్‌డాక్యుమెంట్‌కంటెంట్‌ప్రొవైడర్ అని ఒకటుంది. దానికి రాయాల్సిన ఫంక్షన్ ఒక్కటే: చిరునామా ఇస్తే లోపలి పాఠం తిరిగివ్వాలి. నెల రోజుల మేత లెక్కను ఒక పేజీగా చూపించడానికి అది బంగారంలా సరిపోతుంది. ఫోల్డర్లు కావాలి, సేవ్ కావాలి అంటేనే ఫైల్‌సిస్టమ్‌ప్రొవైడర్‌కు రండి. ఫోల్డర్లు కావాలి గానీ ఎవరూ దిద్దకూడదు అనుకుంటే, ప్రొవైడర్‌ను రిజిస్టర్ చేసేటప్పుడు ఈజ్‌రీడ్‌ఓన్లీ అనే ఆప్షన్‌ను ట్రూ చేయండి.

చిరునామా కట్టడం

ప్రతి ఫైలుకూ ఒక యూఆర్ఐ, అంటే చిరునామా, కావాలి. అందులో మొదటి ముక్క స్కీమ్. డిస్కు ఫైళ్లకు ఫైల్ అనే స్కీమ్ ఉన్నట్టే మీకూ ఒక పేరు ఎంచుకోండి. నేను ఇక్కడ చెరువు అనుకుంటున్నాను. స్కీమ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, అక్షరంతోనే మొదలవ్వాలి. అంకెలు, ప్లస్, హైఫన్, చుక్క తర్వాత రావచ్చు.

దారి ఎలా కట్టాలన్నది స్కీమ్ కన్నా ముఖ్యం. జిల్లా, మండలం, ఊరు, చెరువు అని మెట్లుగా పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాకు వెళ్లింది, ఏలూరు వేరే జిల్లా అయ్యింది, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది. దారిలో జిల్లా పేరుంటే ఆ రోజుతో మీ చిరునామాలన్నీ మారిపోయినట్టే. వీఎస్ కోడ్ దృష్టిలో చిరునామా మారితే అది వేరే ఫైలు. తెరిచి ఉంచిన ట్యాబులు, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా, అన్నీ లేని ఫైళ్లను చూపిస్తుంటాయి. దారిలో మారని నంబరే పెట్టండి: స్కీమ్, తర్వాత చెరువు నంబరు 1042, దాని కింద అలారం అనే జేసన్ ఫైలు. ఊరి పేరు, రైతు పెట్టుకున్న పేరు మనుషులకు చూపించే చోట పెట్టుకోవచ్చు.

నంబరును అథారిటీ భాగంలో (స్కీమ్ తర్వాత రెండు గీతల పక్కన వచ్చే ముక్క) కాకుండా, దాని తర్వాత వచ్చే పాత్ భాగంలోనే ఉంచండి. యూఆర్ఐని అక్షరాలుగా మార్చేటప్పుడు వీఎస్ కోడ్ అథారిటీలోని పెద్ద అక్షరాలను చిన్నవి చేస్తుంది. మీ గుర్తింపులో పెద్దా చిన్నా తేడా ఉంటే అక్కడే గల్లంతవుతుంది. యూఆర్ఐని అక్షరాలు అతికించి తయారుచేయకండి, యూఆర్ఐ.ఫ్రమ్ వాడండి.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టేవాళ్లకు ఇంకో మాట. పేర్లు తెలుగులో నిక్షేపంగా పెట్టుకోవచ్చు. చుక్క తర్వాతి భాగాన్ని మాత్రం ఇంగ్లీషులో ఉంచాలి, లేకపోతే అది జేసన్ అని ఎడిటర్‌కు తెలియదు. యూఆర్ఐని టూస్ట్రింగ్‌తో అడిగితే తెలుగు అక్షరాలన్నీ శాతం గుర్తుల వరుసగా వస్తాయి. సర్వర్లో వెతకడానికి పాత్ ప్రాపర్టీని వాడండి, అందులో అక్షరాలు మామూలుగా ఉంటాయి. కంటికి ఒకేలా కనిపించి లోపల వేరుగా ఉండే పేర్లు ఇంకా ప్రమాదం. "చార్ట్" అనే పేరు చివర కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి దూరిందంటే అది వేరే ఫైలు. అలాగే ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. నార్మలైజ్ ఫంక్షన్ ఈ ఐత్వాన్ని సరిచేస్తుంది గానీ నాన్ జాయినర్‌ను తీసెయ్యదు. పేరు మొదట సర్వర్లో చేరేటప్పుడే రెండూ చూసుకోవాలి.

అస్థిపంజరం

నోడ్ (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపేది) ఉంటే ఎన్‌పీఎమ్‌తో యో, జనరేటర్ కోడ్ అనే రెండు ప్యాకేజీలు వేసుకోండి. తర్వాత యో కోడ్ అని కొట్టి టైప్‌స్క్రిప్ట్ ఎక్స్‌టెన్షన్ ఎంచుకోండి. వచ్చిన ఫోల్డర్లో యాక్టివేట్ ఫంక్షన్ ఉంటుంది. అందులో వర్క్‌స్పేస్.రిజిస్టర్‌ఫైల్‌సిస్టమ్‌ప్రొవైడర్‌ను పిలిచి, స్కీమ్ పేరు, మీ ప్రొవైడర్ ఇవ్వండి. అది తిరిగిచ్చేదాన్ని కాంటెక్స్ట్.సబ్‌స్క్రిప్షన్స్‌లో వేయండి.

ప్యాకేజ్.జేసన్‌లో యాక్టివేషన్ఈవెంట్స్ కింద ఆన్‌ఫైల్‌సిస్టమ్, కోలన్, మీ స్కీమ్ పేరు రాయడం మరవకండి. ఇది లేకపోయినా మీ కమాండ్ నొక్కి తెరిచినప్పుడు అంతా బాగానే నడుస్తుంది. మర్నాడు వీఎస్ కోడ్ తెరిచినప్పుడు నిన్నటి ట్యాబులు ఈ స్కీమ్‌తో తిరిగి తెరుచుకోబోతే మాత్రం, అప్పటికి ఎక్స్‌టెన్షన్ లేచి ఉండదు. ఈ స్కీమ్‌కు ఫైల్ సిస్టమ్ ప్రొవైడర్ ఎవరూ లేరన్న ఎర్రర్ వస్తుంది. అది కనిపిస్తే ముందు చూడాల్సింది ఈ వరుసనే.

స్టాట్: గుండెకాయ ఇదే

ఎడిటర్ అన్నిటికన్నా ఎక్కువగా పిలిచేది స్టాట్‌ను. ఇది నాలుగు సంగతులు చెప్పాలి: ఫైలా ఫోల్డరా, ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది, ఎన్ని బైట్లు. మారిన సమయం, బైట్ల లెక్క సరిగా లేకపోతే కొత్త పాఠం వచ్చినా ఎడిటర్ పాతదాన్నే చూపించే అవకాశం ఉందని ఏపీఐ డాక్యుమెంటేషన్ కూడా హెచ్చరిస్తుంది. కాబట్టి సున్నాలు పెట్టి తప్పించుకోకండి.

సమయం 1970 జనవరి 1 నుంచి మిల్లీసెకన్లలో ఉండాలి, యూటీసీలో. డేటాబేసు సెకన్లలో ఇస్తే వెయ్యితో గుణించండి, లేకపోతే మీ ఫైళ్లన్నీ 1970 జనవరిలో మారినట్టు ఉంటాయి. డేటాబేసులో మన సమయం టైమ్ జోన్ లేకుండా రాసి ఉంటే, దాన్ని యూటీసీ అనుకుని చదివే కోడ్ ఐదున్నర గంటలు ముందుకు జరుపుతుంది. ఒకచోట అలా, ఇంకోచోట మీ ల్యాప్‌టాప్ గడియారం నుంచి తీసుకుంటే మారిన సమయం వెనక్కి కూడా నడుస్తుంది. సమయం ఎప్పుడూ సర్వర్ నుంచే, ఒకే కాలమ్ నుంచే తీసుకోవాలి.

ఇక బైట్లు. జావాస్క్రిప్ట్‌లో "చెరువు" అనే మాటకు లెంగ్త్ అడిగితే 6 అంటుంది. యూటీఎఫ్ 8లో అదే మాట 18 బైట్లు, ఎందుకంటే ప్రతి తెలుగు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ఇంగ్లీషు పాఠంతో పరీక్షిస్తే రెండు లెక్కలూ ఒకటే వస్తాయి, తప్పు బయటపడదు. టెక్స్ట్‌ఎన్‌కోడర్‌తో బైట్లుగా మార్చి, ఆ వరుస పొడవునే సైజుగా ఇవ్వండి. ఇంకా మంచిది, సర్వర్ సేవ్ చేసేటప్పుడే ఆ లెక్క కట్టి పక్కన ఉంచుకోవడం.

చదవడం, లేదని చెప్పడం

రీడ్‌ఫైల్ బైట్ల వరుసనే ఇవ్వాలి, స్ట్రింగ్ ఇవ్వకూడదు. రీడ్‌డైరెక్టరీ ఒక ఫోల్డర్లోని పేర్లను, ఒక్కో పేరు పక్కన అది ఫైలో ఫోల్డరో చెప్పే గుర్తుతో ఇస్తుంది. పూర్తి దారి కాదు, పేరు మాత్రమే. ఈ రెండూ తేలిక.

ఎర్రర్ల దగ్గరే జాగ్రత్త కావాలి. ఫోల్డర్ తెరవగానే వీఎస్ కోడ్ తన సొంత సెట్టింగుల ఫోల్డర్ లాంటివి ఉన్నాయేమోనని వెతుకుతుంది. మీ డేటాబేసులో అవి ఉండవు. అప్పుడు మామూలు ఎర్రర్ విసరకుండా ఫైల్‌సిస్టమ్ఎర్రర్.ఫైల్‌నాట్‌ఫౌండ్ విసరండి. చుక్కతో మొదలయ్యే పేర్లను సర్వర్ దాకా పంపకుండా ఎక్స్‌టెన్షన్‌లోనే తిప్పి పంపేస్తే ఇంకా తేలిక.

నెట్ పోయినప్పుడు మాత్రం పొరపాటున కూడా ఫైల్‌నాట్‌ఫౌండ్ విసరకండి. గాలివానకు కరెంటు పోయి, టవర్ పోయి, సర్వర్ అందకపోతే ఫైలు లేదని కాదు, అందడం లేదని అర్థం. లేదని చెబితే ఫైలును ఎవరో తీసేశారని ఎడిటర్ నమ్ముతుంది. అందడం లేదని చెప్పడానికి అనవైలబుల్ అనే వేరే ఎర్రర్ ఉంది. సర్వర్ 404 అంటేనే ఫైల్‌నాట్‌ఫౌండ్, 403 అంటే నోపర్మిషన్స్, జవాబే రాకపోతే అనవైలబుల్. ఈ మూడింటినీ ఒకే క్యాచ్ బ్లాకులో కలిపెయ్యొద్దు.

సేవ్: ఎడిటర్ కాపలా ఒక్కటే చాలదు

రైట్‌ఫైల్‌కు బైట్లతో పాటు క్రియేట్, ఓవర్‌రైట్ అని రెండు గుర్తులు వస్తాయి. ఫైలు లేకుండా క్రియేట్ ఫాల్స్ అయితే ఫైల్‌నాట్‌ఫౌండ్. ఫైలు ఉండి, క్రియేట్ ట్రూ, ఓవర్‌రైట్ ఫాల్స్ అయితే ఫైల్ఎగ్జిస్ట్స్. ఇంతవరకు పుస్తకంలో ఉన్నట్టే.

మొదట చెప్పిన హద్దు సంగతికి వద్దాం. సేవ్‌కు ముందు వీఎస్ కోడ్ స్టాట్ పిలిచి, తాను చదివాక ఫైలు మారిందేమో చూస్తుంది. మారిన సమయం ముందుకు జరిగి, సైజు కూడా వేరైతే సేవ్ ఆపి, పోల్చి చూసుకోమంటుంది. సమయం ఒక్కటే జరిగి సైజు అంతే ఉంటే ఆపదు. నెట్‌వర్క్ డిస్కుల్లో గడియారాలు తేడాగా ఉంటాయని, ఊరికే హెచ్చరికలు రాకూడదని ఆ ఏర్పాటు. కానీ 4ను 5 చేస్తే సైజు ఎన్ని బైట్లు పెరిగింది? ఒక్కటి కూడా పెరగలేదు, అక్షరం బదులు అక్షరం. అంటే మనం భయపడే మార్పే ఆ కాపలాను దాటిపోతుంది.

అందుకే సర్వర్ వైపు తాళం ఉండాలి. ప్రతి ఫైలుకూ సర్వర్లో ఒక వెర్షన్ నంబరు ఉంచి, చదివినప్పుడు దాన్ని ఈట్యాగ్ హెడర్‌లో పంపండి. ప్రొవైడర్ ఆ నంబరును చిరునామా పక్కన ఒక మ్యాప్‌లో దాచుకోవాలి. సేవ్ చేసేటప్పుడు ఇఫ్ మ్యాచ్ హెడర్‌లో అదే నంబరు తిప్పి పంపాలి. ఈలోపు ఎవరైనా మార్చి ఉంటే నంబరు కలవదు, సర్వర్ 412 ఇస్తుంది, ఏదీ రాయదు. నంబరు సరిచూడటం, రాయడం రెండూ డేటాబేసులో ఒకే అప్‌డేట్ వాక్యంలో జరగాలి. వేరువేరుగా చేస్తే మధ్యలో సందు మిగులుతుంది.

దాచుకున్న వెర్షన్‌ను రీడ్‌ఫైల్‌లో మార్చండి, సేవ్ విజయవంతమయ్యాక మార్చండి. స్టాట్‌లో మాత్రం ముట్టుకోకండి. సేవ్‌కు సరిగ్గా ముందు ఎడిటర్ స్టాట్ పిలుస్తుందని చెప్పాను కదా, అక్కడ కొత్త నంబరు ఎక్కించుకుంటే ఇఫ్ మ్యాచ్ ప్రతిసారీ కలుస్తుంది, తాళం ఉన్నా లేనట్టే.

412 వచ్చినప్పుడు విసిరే ఎర్రర్‌లో మనిషికి అర్థమయ్యే తెలుగు రాయండి: "ఈ ఫైలును మీరు తెరిచాక ఇంకొకరు మార్చారు. మీ మార్పు సేవ్ కాలేదు." ఆ మనిషి తన మార్పును కాపీ చేసుకుని, కమాండ్ ప్యాలెట్‌లో రివర్ట్ ఫైల్ కొట్టి, కొత్త పాఠం మీద మళ్లీ దిద్దుకుంటాడు. కాస్త విసుగే, కానీ రాత్రి గట్టు మీద ఒకరు ఆలోచించి పెట్టిన హద్దు చెరిగిపోదు.

మారిందని చెప్పడం

ఆన్‌డిడ్‌చేంజ్‌ఫైల్ అనే ఈవెంట్ మీ బాధ్యత. సర్వర్లో ఏది మారినా దాని చిరునామాతో చేంజ్డ్ అని వదలాలి. మీరు దిద్దని ట్యాబ్ అయితే ఎడిటర్ వెంటనే కొత్త పాఠం చదువుకుంటుంది. దిద్ది సేవ్ చేయని ట్యాబ్ జోలికి పోదు. సర్వర్ తనంతట చెప్పే ఏర్పాటు లేకపోతే, ఫలానా సమయం తర్వాత మారినవి ఏవి అని ఒకే రిక్వెస్టుతో అప్పుడప్పుడూ అడిగి, వచ్చినవన్నీ ఒకే గుంపుగా వదలండి. ఒక్కో ఫైలుకూ ఒక్కో రిక్వెస్టు పంపితే చెరువులు పెరిగేకొద్దీ సర్వర్ కుంగిపోతుంది. మీరే చేసిన సేవ్, డిలీట్, రీనేమ్‌లకూ ఈవెంట్ వదలాలి, అది చాలామంది వదిలేస్తారు. అన్ని మార్పులూ మీరే చెబుతున్నప్పుడు వాచ్ ఫంక్షన్ ఏమీ చేయని డిస్పోజబుల్ ఇచ్చినా సరిపోతుంది.

ఎడిటర్‌లో తెరవడం

ఒకే ఫైలు తెరవాలంటే వర్క్‌స్పేస్.ఓపెన్‌టెక్స్ట్‌డాక్యుమెంట్‌కు యూఆర్ఐ ఇచ్చి, వచ్చిన డాక్యుమెంట్‌ను విండో.షోటెక్స్ట్‌డాక్యుమెంట్‌కు ఇవ్వండి. ఇది పాఠానికే. చెక్ ట్రే ఫోటోను ఇలా తెరవబోతే బైనరీ ఫైలని తిప్పికొడుతుంది. ఫోటోలూ ఉంటే వీఎస్‌కోడ్.ఓపెన్ అనే కమాండ్‌ను నడపండి. ఏ ఫైలుకు ఏ ఎడిటర్ తగినదో అదే చూసుకుంటుంది, బొమ్మకు బొమ్మల వ్యూయర్ వస్తుంది.

ఎడమ పక్క ఎక్స్‌ప్లోరర్‌లో మొత్తం చెట్టు కనిపించాలంటే వర్క్‌స్పేస్.అప్‌డేట్‌వర్క్‌స్పేస్‌ఫోల్డర్స్ వాడండి. ఫోల్డర్‌కు యూఆర్ఐతో పాటు నేమ్ కూడా ఇవ్వొచ్చు. ఊరి పేరు పెట్టాల్సింది అక్కడే, తెలుగులో హాయిగా పెట్టండి. అయితే ఖాళీ విండోలో మొదటి ఫోల్డర్ చేర్చగానే వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లన్నింటినీ ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ కాల్ తర్వాత రాసిన కోడ్ నడుస్తుందన్న నమ్మకం లేదు, మెమరీలో దాచిన వెర్షన్ మ్యాప్ కూడా పోతుంది. ఏ ఫైలుకైనా దాచుకున్న నంబరు లేకపోతే ఇఫ్ మ్యాచ్ లేకుండా సేవ్ పంపకండి, ఎర్రర్ విసిరి మళ్లీ చదివించండి.

ఎఫ్5 కొడితే మీ ఎక్స్‌టెన్షన్‌తో కొత్త విండో తెరుచుకుంటుంది. అందులో అలారం ఫైలు తెరిచి, ఒక కామా చేర్చి, సేవ్ చేయకుండా ఉంచండి. ఫోన్ యాప్‌లోంచి అదే చెరువు హద్దును 4 నుంచి 5 చేయండి. ఇప్పుడు సేవ్ కొట్టండి. ఎర్రర్ రావాలి. రాకపోతే వెర్షన్ ఎక్కడో స్టాట్‌లో మారుతోంది. తర్వాత వైఫై ఆపి ఇంకో ఫైలు తెరవండి, లేదని కాకుండా అందడం లేదని చెప్పాలి.

ఇతర ఎక్స్‌టెన్షన్లతో

జేసన్, మార్క్‌డౌన్ లాంటివాటికి వీఎస్ కోడ్‌తో పాటే వచ్చే రంగులూ ఫార్మాటింగూ పనిచేస్తాయి. డిస్కు ఫైళ్లకే రాసిన ఎక్స్‌టెన్షన్లు మీ ఫైళ్లను పట్టించుకోవు. టెర్మినల్‌కు ఇవి అసలు కనిపించవు. మీ ఎక్స్‌టెన్షన్‌లోనే ఎక్కడైనా ఎఫ్ఎస్‌పాత్ తీసి నోడ్ ఎఫ్ఎస్‌తో చదువుతుంటే దాన్ని వర్క్‌స్పేస్.ఎఫ్ఎస్‌కు మార్చండి. ఎఫ్ఎస్‌పాత్ ఏదో ఒక దారి ఇస్తుంది గానీ, డిస్కులో ఆ దారి ఉండదు.

ఆఫీసులో పంచుకోవడానికి మార్కెట్‌ప్లేస్ అక్కర్లేదు. వీఎస్‌సీఈ ప్యాకేజ్ కమాండ్ ఒక విసిక్స్ ఫైలు ఇస్తుంది, దాన్ని ఎక్స్‌టెన్షన్ల పేజీలోని మెనూ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. సర్వర్ టోకెన్‌ను సెట్టింగుల్లో గానీ కోడ్‌లో గానీ పెట్టకండి, కాంటెక్స్ట్.సీక్రెట్స్‌లో దాచండి. మనిషికో టోకెన్ ఇవ్వండి, హద్దు ఎవరు మార్చారన్నది సర్వర్ లాగ్‌లో పేరుతో సహా ఉంటుంది.